నీలం పట్టీ వేసుకున్న వేలు

ఐదుగురిలో ఐదుగురూ పని పూర్తి చేశారు. నూటికి నూరు. ఆ అంకె చూసుకుని సుధామయి రెండు రోజులు నేల మీద నిలబడలేదు. అది అబద్ధమని మూడో రోజు తెలిసింది. తేల్చింది ప్రొఫెసర్. పట్టించింది మాత్రం సుధామయి చూపుడువేలే.

కెనడాలోని బర్నబీలో కొండ మీద యూనివర్సిటీ ఉంది. కింద వాన పడుతుంటే పైన మంచు పడుతుంది, కింద ఎండ కాస్తుంటే పైన మబ్బు పట్టి ఉంటుంది. సిద్దిపేట నుంచి వచ్చిన సుధామయి అక్కడ మాస్టర్స్ చేస్తోంది, రెండో సెమిస్టర్. ఈసారి ఆమె తీసుకున్న కోర్సు మనిషికీ మెషీన్‌కీ మధ్య ఉండే తెర గురించి. బటన్ ఎక్కడ పెట్టాలి, దాని మీద మాట ఎలా రాయాలి, మనిషి ఎక్కడ ఆగిపోతాడు, ఎందుకు ఆగిపోతాడు. ఇదీ ఒక చదువేనా అంటారు కొందరు. మీ అమ్మ చేతికి ఫోన్ ఇచ్చి రైలు టిక్కెట్ తియ్యమనండి. పక్కన కూర్చుని చూడండి. చదువో కాదో మీకే తెలుస్తుంది.

ప్రతి టీమూ ఒక నిజమైన పని చేయాలి, నిజంగా వాడుకునేవాళ్లకు. సుధామయి, తారక్ ఒక టీము. తారక్ ఇక్కడే పుట్టినవాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. వాళ్లకు దొరికిన పని తెలుగు పెద్దల సంఘం వ్యాన్‌ది. ఆరు సీట్ల వ్యాన్. మంగళవారం, గురువారం పెద్దవాళ్లను క్లినిక్‌లకు తీసుకెళ్లి తీసుకొస్తుంది. తొమ్మిదేళ్లుగా రంగనాథ్ గారనే రిటైర్డ్ ఇంజనీరు ఫోన్ ఎత్తి పేర్లు రాసుకుంటున్నారు. ఆయన మార్చి ఆఖరున కూతురి దగ్గరికి, దేశానికి ఆ చివరనున్న కనాటా అనే ఊరికి వెళ్లిపోతున్నారు. ఏప్రిల్ నుంచి ఆ ఫోన్ ఎత్తేవాళ్లుండరు. సీటు కావాలంటే పేజీలో బుక్ చేసుకోవాల్సిందే. ఆ పేజీ తయారుచేయడం వీళ్ల పని.

అంటే ఇది మార్కుల పని మాత్రమే కాదు. పేజీ సరిగ్గా లేకపోతే ఏప్రిల్‌లో ఎవరో ఒకరు ఇంట్లోనే ఉండిపోతారు.

ఆ ఎవరో ఒకరు ఎవరో కూడా సుధామయికి తెలుసు. సూర్యకుమారి ఆంటీ. డెబ్బై ఒక్కేళ్లు. హాస్పిటల్ ల్యాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్లు మైక్రోస్కోప్‌లోకి చూసి రిటైరయిన మనిషి. ఇప్పుడు ఆవిడ ఎడమ కన్ను నడిమధ్యన మసకబారుతోంది. నాలుగు వారాలకోసారి కంట్లోకి ఇంజెక్షన్ వేస్తారు. ఒకటి తప్పితే ఆ చూపు తిరిగి రాకపోవచ్చని డాక్టరు మొహం మీదే చెప్పింది. భర్త త్యాగరాజు గారి లైసెన్సు పోయిన ఏడాది తీసేశారు. రెండు బస్సులు, ఒక రైలు మారి వెళ్లడం ఆ కంటితో అయ్యే పని కాదు. ఆవిడకున్నది వ్యాన్ ఒక్కటే.

సుధామయి పేజీ నమూనా ఒకటి ట్యాబ్‌లో తయారుచేసి, మాటలన్నీ తెలుగులో పెట్టింది. రోజు ఎంచుకోండి, క్లినిక్ ఎంచుకోండి, టైమ్ ఎంచుకోండి, ఆఖరున ఖాయం చేయండి. మొత్తం నాలుగు తెరలు. అది నమూనాయే కాబట్టి ఏ రోజు నొక్కినా ఆఖరి తెర ఒకేలా వస్తుంది. ఐదుగురు పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి టెస్ట్ చేసింది. ట్యాబ్‌కి పైన చిన్న కెమెరా పెట్టింది, చేతులు మాత్రమే కనబడేలా. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం. పని పూర్తయిందా, ఎంతసేపు పట్టింది, మనం సాయం ఎన్నిసార్లు చేశాం. సాయం గడిలో ఐదు కాగితాల మీదా సున్నా రాసింది.

"హండ్రెడ్ పర్సెంట్!" అన్నాడు తారక్. "డన్. లెట్స్ రైట్ ది రిపోర్ట్."

ప్రొఫెసర్ ఐలీన్ నెమ్మదైన మనిషి. కోపం రాదు. అదే ఆవిడతో వచ్చిన ఇబ్బంది. అంకె చూసి మెచ్చుకోలేదు. వీడియో పెట్టమంది. మొదటి వీడియోలో ముడతలు పడ్డ చేయి ఒకటి మూడు తెరలు దాటి, నాలుగో తెర దగ్గర ఆగింది. రెండు సెకన్లు. మూడు. పక్క నుంచి ఇంకో వేలు వచ్చి బటన్ నొక్కి వెళ్లిపోయింది. ఆ వేలికి నీలం పట్టీ ఉంది.

రెండో వీడియో. నాలుగో తెర. నీలం పట్టీ.

మూడోది. నాలుగోది. ఐదోది సూర్యకుమారిది. నీలం పట్టీ.

"ఈ వేలు ఎవరిది?" అంది ప్రొఫెసర్.

సుధామయి చేయి బల్ల కిందికి పోయింది. ఆమె సాయంత్రాలు ఒక సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తుంది. కస్టమర్లు తమ సామాను తామే స్కాన్ చేసుకునే ఆరు మెషీన్లున్నాయి అక్కడ, వాటికి కాపలా. ఎర్రలైటు వెలిగితే వెళ్లాలి, రెండు చోట్ల నొక్కాలి, వెనక్కి రావాలి. షిఫ్ట్‌లో రెండొందల సార్లు. పోయిన వారం అట్టపెట్టె కోస్తుంటే వేలు తెగింది, స్టోర్ వాళ్లు నీలం పట్టీ ఇచ్చారు. ఎవరైనా మెషీన్ ముందు ఆగితే చాలు, ఆ వేలు దానంతటదే లేస్తుంది. పైగా ఎదురుగా ఉన్నది పెద్దవాళ్లు. పెద్దవాళ్లు తడుముకుంటుంటే చేతులు కట్టుకుని కూర్చునే పిల్లను ఏ ఇంట్లోనైనా ఏమంటారో తెలిసిందే.

"అది సాయమని నాకు తట్టలేదు మేడమ్," అంది సుధామయి. నిజంగానే తట్టలేదు. మంచినీళ్ల గ్లాసు అందిస్తే లెక్క రాసుకుంటామా?

"తెలుసు. అందుకే సున్నాలు పెట్టావు," అంది ప్రొఫెసర్. "పరీక్ష రాసింది నువ్వు, పాసయిందీ నువ్వే. వాళ్లకు ఎక్కడ కష్టమైందో నీ వేలు దాచేసింది. కానీ ఇంకోటి చూడు. ఐదుసార్లూ ఒకే తెర దగ్గర లేచింది. అక్కడేదో ఉంది. మళ్లీ వెళ్లు. ఈసారి చేతులు లేవకుండా వాటి మీద కూర్చో."

నాలుగో తెరలో ఏముందో తనకు తెలుసనుకుంది సుధామయి. బటన్ చిన్నది. అంతే కదా. రెండింతలు చేసింది, ముదురు పచ్చ రంగు వేసింది. ఏదైనా పనిచేయకపోతే బటన్ పెద్దది చేసేయడం, ఈ విద్యలో అందరూ చేసే మొదటి తెలివితక్కువ పని.

శనివారం మధ్యాహ్నం సూర్యకుమారి ఇంటికి వెళ్లింది. ముందు సున్నుండలు వచ్చాయి. రెండు తింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, మూడోది కూడా తినగలదు. ప్లేటులో ఒక్కటి మిగిలింది.

"అది కూడా తినెయ్యవే పిల్లా."

"వద్దాంటీ. అంకుల్‌కి ఉంచండి."

"నాకొద్దు, దాన్నే తిననీ," అన్నారు త్యాగరాజు సోఫాలోంచి. ఎవరూ ముట్టుకోలేదు. ప్లేటు అలాగే ఉంది.

"అంకుల్, ఏమనుకోవద్దు, మీరు కాసేపు లోపల కూర్చోవాలె," అంది సుధామయి.

"నా ఇంట్లో నేనే లోపలికి పోవాలా?"

"మీరుంటే ఆంటీకి చెప్పేస్తారంకుల్."

"చెప్తే తప్పేంటమ్మా? నలభై ఆరేళ్లుగా చెప్తూనే ఉన్నా."

"చెప్తూనే ఉన్నారు. విన్నదెవరు?" అంది సూర్యకుమారి. "లేవండి, లేవండి. పిల్ల పరీక్ష."

ఆయన లేచి లోపలికి వెళ్లారు, తలుపు మాత్రం వెయ్యలేదు.

సుధామయి ట్యాబ్ ఆవిడ ముందు పెట్టి, పని చెప్పింది. వచ్చే మంగళవారం కంటి క్లినిక్‌కి వ్యాన్‌లో సీటు బుక్ చేయాలి. మనసులో అనుకునేదంతా పైకి అంటూ చేయాలి.

"మనసులో అనుకునేదంతా పైకి అంటే ఈ కాపురం ఎప్పుడో కూలిపోయేదమ్మా."

"వినబడుతోంది," అన్నారు త్యాగరాజు లోపల్నుంచి.

సుధామయి రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

సూర్యకుమారి చకచకా వెళ్లింది. మంగళవారం. కంటి క్లినిక్. పదిన్నర. స్లైడు మార్చినంత తేలిగ్గా మూడు తెరలూ దాటింది. నాలుగో తెర వచ్చింది. ఆవిడ వేలు గాల్లో ఆగింది. తెర మీదిది లోపల్లోపలే చదువుకుంది. పైకి ఏమీ అనలేదు. ఒక నిట్టూర్పు విడిచి, పైనున్న వెనక్కి బాణం నొక్కింది.

"గురువారం చూద్దాం," అంది.

గురువారం. కంటి క్లినిక్. పదిన్నర. నాలుగో తెర. మళ్లీ వెనక్కి.

సుధామయి వేలు తొడ కింద మెలికలు తిరిగింది. ఆమె పది లెక్కపెట్టింది. మళ్లీ ఇంకో పది.

"ఏం చెయ్యమంటావమ్మా?"

"మీరొక్కరే ఉంటే ఏం చేస్తారాంటీ?"

"అదేంటే! నేను నిన్నడిగితే నువ్వు నన్నడుగుతావు?"

"అట్లనే అడగాలంట ఆంటీ. రూలు."

ఆ పైమంగళవారం. నాలుగో తెర. వెనక్కి. ఆ పైగురువారం. వెనక్కి. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. కిటికీ అవతల సన్నగా వాన. ఏడు నిమిషాలు. తొమ్మిది. సూర్యకుమారి మొహం ఎర్రబడింది. ఆవిడ ల్యాబ్‌లో ఉండగా కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పిన మనిషి. చేతకానిదానిలా కనబడటం ఆవిడకు అలవాటు లేదు.

"చదువుకున్న పిల్లవి. ఎదురుగా పెద్దదాన్ని ఇంత తంటాలు పడుతుంటే బొమ్మలా కూర్చున్నావు. కొండ మీద ఇదేనా మీకు నేర్పేది?"

సరిగ్గా ఇదే నేర్పుతున్నారు. ఆ మాట చెప్పలేక సుధామయి తల వంచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం బయటికి తీయలేదు.

పదకొండో నిమిషంలో సూర్యకుమారి ట్యాబ్ బల్ల మీద పెట్టేసింది. "పోన్లే అమ్మా. కుదరదు. వదిలెయ్."

"మరి ఇంజెక్షనో ఆంటీ?"

"రంగనాథ్ గారున్నారుగా."

"ఏప్రిల్ నుంచి ఉండరు కదా."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

సుధామయి కెమెరా ఆపలేదు. టెస్ట్ అయిపోయాక అడగొచ్చు, దానికి రూలు అడ్డం రాదు. "ఆంటీ, ఆ పచ్చ బటన్ కనబడలేదా?"

"కనబడకేం? అన్నం పళ్లెమంత పెట్టావు. కన్నులేనివాడికీ కనబడుతుంది."

"మరి నొక్కలేదేం?"

సూర్యకుమారి ఆ పిల్ల వైపు జాలిగా చూసింది. "ఒక్క సీటే మిగిలిందని నువ్వే రాశావుగా?"

సుధామయి తెర వైపు చూసింది. బటన్ పైన ఎర్ర అక్షరాల్లో ఉంది. *ఒక్క సీటే మిగిలింది! త్వరపడండి!* తారక్ పెట్టిన వాక్యం. తెలుగు చేసింది తనే. చూసి చూసి అలవాటైపోయి, ఇన్నాళ్లూ దాన్ని చూడటమే మానేసింది.

"డయాలసిస్‌కి వెళ్లేవాళ్లుంటారు," అంది సూర్యకుమారి. "వాకర్ పట్టుకుని నడిచేవాళ్లుంటారు. మిగిలింది ఒక్కటే అని తెలిసి తెలిసి, నేనెలా లాక్కుంటానమ్మా? వేరే రోజు చూద్దామంటే ప్రతిరోజూ ఒక్కటేనాయె."

"కానీ... త్వరపడండి అని కూడా ఉంది కదా ఆంటీ."

"ఉంది. అవసరమున్నవాళ్లు త్వరపడతారు. వాళ్లకు అడ్డం కాకూడదనే నేను తప్పుకున్నా."

"పోయినసారి మరి?"

"పోయినసారి నువ్వే నొక్కేశావుగా! పిల్ల ఇచ్చాక కాదంటే బాగుండదని ఊరుకున్నా."

సుధామయి చూపు పక్కకు పోయింది. బల్ల మీద ప్లేటు ఉంది, ప్లేటులో సున్నుండ ఒక్కటి ఉంది. కడుపులో ఆకలి ఉంది. తనెందుకు తీసుకోలేదు? ఎవరైనా వద్దన్నారా? తినమనే కదా అన్నారు. ఆ ఒక్కదాని మీద చెయ్యి వెయ్యకూడదని తనకు ఎవరూ క్లాసులో చెప్పలేదు. తనకు తెలుసు. తెలిసి కూడా ఎర్ర అక్షరాల్లో రాసి, వాళ్లు ఎందుకు ఆగిపోతున్నారో తెలియక బటన్ పెద్దది చేసింది.

మిగతా నలుగురి దగ్గరికీ మళ్లీ వెళ్లింది. చేతుల మీద కూర్చుంది. ముగ్గురు అదే తెర దగ్గర వెనక్కి తిరిగారు. ఒక పెద్దాయన మాత్రం నొక్కేశారు. ఆయన ఆ రోజు కళ్లజోడు పెట్టుకోలేదు, ఎర్ర అక్షరాలు చదవలేదు.

ఆ తర్వాత ఆమె ముందే చేయాల్సిన పని చేసింది. రంగనాథ్ గారికి ఫోన్ చేసింది.

"అంకుల్, సీట్లు నిండిపోతే మిగిలినవాళ్లను ఏం చేసేవారు?"

"ఏం చేసేదేంటమ్మా? ఆరుగురు దాటితే డ్రైవర్ రెండో ట్రిప్పు వేస్తాడు. తొమ్మిదేళ్లలో ఒక్కరిని వదిలేసింది లేదు. మీకెవరూ చెప్పలేదా?"

"మేమే అడగలేదంకుల్. సూర్యకుమారి ఆంటీ ఎట్ల బుక్ చేసుకునేవారు?"

ఆయన నవ్వారు. "ఆవిడా? ఆవిడ జన్మలో అడగదు. నాలుగు వారాలకోసారి నేనే పేరు రాసేసి, మంగళవారం రెడీగా ఉండండమ్మా అని చెప్తా. అడిగితే, ఎవరికైనా ఇవ్వండి అంటుంది."

అంటే ఆ ఎర్ర వాక్యం మనుషుల్ని ఆపడమే కాదు, అసలు నిజమే కాదు. ఎక్కడిదది? హోటల్ గదులు అమ్మేవాళ్లది. కంగారు పెట్టి జేబులో చెయ్యి పెట్టించే మాట. దాన్ని తెచ్చి, కంటి చూపు కోసం వెళ్లేవాళ్ల ముందు పెట్టారు. మంచి చదువు చదివిన ఇద్దరు పిల్లలు, చెడ్డవాళ్లు కూడా కాదు. ఎవర్నీ అడగకుండా చేసే పని ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. నున్నగా, అందంగా, ఎవరికీ పనికిరాకుండా.

"బట్ ఇట్ వర్క్స్," అన్నాడు తారక్ లైబ్రరీలో. "ఎవ్రీ సైట్ డజ్ ఇట్."

"ఎవరి మీద వర్క్స్?"

రిపోర్ట్‌లో ఐదుకు ఐదు కొట్టేసి ఐదుకు ఒకటి అని రాస్తున్న సుధామయి చేతివైపు తారక్ చూశాడు. "వి'ల్ లూజ్ ది ఎ గ్రేడ్, సుధా."

"పోనీ. ఏప్రిల్ ఏడున, ఇంజెక్షన్ రోజున, ఆంటీ ఇంట్లో కూర్చుంటే, నీ ఎ తీసుకుపోయి ఆమె కంట్లో ఇంజెక్షన్ వేస్తావా?"

తారక్ వీడియో పెట్టమన్నాడు, సూర్యకుమారిది. పదకొండు నిమిషాలూ చూశాడు. మధ్యలో ఫోన్ ముట్టుకోలేదు. తర్వాత ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుని ఎర్ర వాక్యం తనే చెరిపేశాడు. "మా అమ్మమ్మ కూడా సేమ్," అన్నాడు, తెలుగులో. "షి ఆల్వేస్ సేస్, నాకు వద్దు."

కొత్త వాక్యం కోసం ఇద్దరూ రెండు రోజులు కొట్టుకున్నారు. సుధామయి రాసింది చివరికి నిలిచింది. నల్ల అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు లేవు. *ఎంతమంది వచ్చినా అందరినీ తీసుకెళ్తాం. మీరు బుక్ చేసుకుంటే ఎవరి సీటూ తగ్గదు.*

రంగనాథ్ గారికి ఫోన్‌లో చదివి వినిపించింది. "నిజమే. పెట్టండి," అన్నారాయన. సంఘం వాళ్లతో కూడా ఆ మాట రాయించుకుంది, రేపు రెండో ట్రిప్పు మానేస్తే అడగడానికి.

ప్రొఫెసర్ ఐలీన్ రిపోర్ట్ చదివి, ఐదుకు ఒకటి అన్న అంకె చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీత గీసింది. "ఇప్పుడు నేర్చుకోవడానికి ఏదో ఉంది," అంది. మార్కు ఎంతొచ్చిందో చెప్పడం లేదు. దాని కోసం ఈ కథ చదువుతున్నవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు.

మార్చి ఆఖరి వారంలో పేజీ నిజంగా మొదలైంది. సుధామయి ట్యాబ్, కెమెరా తీసుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. ఈసారి నమూనా కాదు, అసలుది. నొక్కితే సీటు వస్తుంది, నొక్కకపోతే రాదు. త్యాగరాజు గారు లోపలికి వెళ్లనన్నారు. నోరు మెదపనని ఒట్టేసి భార్య పక్కనే కూర్చున్నారు. సుధామయి ఎదురుగా, చేతులు తొడల కింద.

ఏప్రిల్ ఏడు, మంగళవారం. కంటి క్లినిక్. పదిన్నర.

నాలుగో తెర. వేలు ఆగింది.

సూర్యకుమారి కుడికన్నుతో చదవడానికి తల కొంచెం పక్కకి వంచింది. "ఎంతమంది వచ్చినా," అని పైకి చదివింది. ఆగింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. "ఎవరి సీటూ తగ్గదు." సుధామయి వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. సుధామయి వేలు లేవబోయింది. దాని మీద ఇంకొంచెం బరువేసి కూర్చుంది.

అప్పుడు పక్క నుంచి ఒక చేయి వచ్చింది. త్యాగరాజు గారిది. ఒట్టు నోటికే కదా.

"తియ్యండి చెయ్యి," అంది సూర్యకుమారి, ఆయన వేళ్ల మీద ఒక్కటిచ్చి. "నాకు తెలుసు."

నొక్కింది.

తెర మీద ఆవిడ పేరు వచ్చింది. రోజు, టైము, వ్యాన్ ఎక్కాల్సిన చోటు. ఆవిడ అది పూర్తిగా చదువుకుంది. తర్వాత ఎవరూ చెప్పకుండానే మళ్లీ మొదటి తెరకు వెళ్లి, అదే మంగళవారం, అదే క్లినిక్, ఇంకో సీటు బుక్ చేసింది.

"ఎవరికే అది?" అన్నారు త్యాగరాజు.

"మీకే. ఎవరి సీటూ తగ్గదటగా. ఇంట్లో కూర్చుని గోడలకి పాఠాలు చెప్పే బదులు నాతో రండి."

"వచ్చి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు. ఈ పిల్లలా కూర్చోండి చాలు."

సుధామయి చేతులు బయటికి తీసింది. రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి. నీలం పట్టీ ఎప్పుడో ఊడిపోయింది, కింద సన్నటి తెల్లగీత మిగిలింది. పెన్ను పట్టుకోవడానికి కాసేపు పట్టింది. కాగితం మీద టైమ్ రాసింది, రెండు నిమిషాల పది సెకన్లు. సాయం గడిలో సున్నా రాసింది.